గ్రీస్‌కి మొదటిసారి వెళ్తున్నారా? తిరుగు టికెట్ దగ్గర మొదలుపెట్టండి

మాకు తొమ్మిది రోజులు సెలవు దొరికింది. కాగితం మీద ఏథెన్స్, తర్వాత మైకొనోస్, నాక్సోస్, శాంతోరిని దీవులు, మళ్ళీ ఏథెన్స్ అని వరసగా రాసుకున్నాం. అమ్మ ఆ కాగితం చూసి, "ఇది యాత్రా, పెళ్ళిపిలుపులా?" అంది. ఆవిడ అన్నంతా అయింది. నాక్సోస్ రేవులో పెట్టెలు ముందేసుకుని కూర్చున్నాం. గాలి ఆగలేదు, మేం ఎక్కాల్సిన స్పీడ్ బోటు రాలేదు. శాంతోరినిలో ముందే డబ్బు కట్టేసిన గది ఆ రాత్రంతా ఖాళీగా ఉండిపోయింది. ఆ తర్వాతి మూడు రోజులూ ఒకటే టెన్షన్: ఇంటికెళ్ళే విమానం అందుతుందా లేదా అని.

గ్రీస్ నిజానికి తేలికైన దేశం. ఇంగ్లిష్‌తో పని జరుగుతుంది, మనుషులు కలుపుగోలు, తిండి మనకి పడుతుంది. ఇబ్బంది అంతా మన ప్లానుతోనే. అందుకే దీన్ని ముందు నుంచి వెనక్కి కాకుండా, వెనక నుంచి ముందుకి రాస్తున్నాను.

మొదటి అడుగు: చివరి రోజు నుంచి లెక్క కట్టండి

తిరుగు విమానం ఏ రోజో ముందు రాసుకోండి. దానికి ముందు రాత్రి తప్పకుండా ఏథెన్స్‌లోనే పడుకోవాలి. దీవి నుంచి పొద్దున ఓడెక్కి సాయంత్రం విమానం అందుకుంటామనే ప్లాను ఎవరు చెప్పినా వినకండి. ఇక మిగిలిన రోజుల్లో ఏథెన్స్‌కి మూడు రాత్రులు, ఒక దీవికి నాలుగు రాత్రులు వేసుకుంటే తొమ్మిది రోజుల యాత్ర హాయిగా సాగుతుంది. పన్నెండు రోజులుంటే రెండో దీవి. అంతకు మించితే పెళ్ళిపిలుపులే.

ఏ దీవి? ఫొటోల్లో చూసిన తెల్ల ఇళ్ళు, నీలి గోపురాలు, కొండ అంచు కావాలంటే శాంతోరిని. సుమారు 3,600 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి దీవి మధ్యభాగం సముద్రంలోకి కుంగిపోతే మిగిలిన అంచు అది. చూడాల్సిందే, కాదనను. కానీ ఖర్చు ఎక్కువ, జనం ఎక్కువ, మెట్లు మరీ ఎక్కువ. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేనైతే నాక్సోస్ అంటాను. ఇసుక తీరాలు, పొలాలు, కొండ ఊళ్ళు, తక్కువ అద్దెలు. అక్కడి బంగాళాదుంపలు దేశమంతా పేరున్నవి. రెండూ కావాలంటే నాక్సోస్‌లో మూడు రాత్రులు, శాంతోరినిలో రెండు. రెండూ ఒకే ఓడ దారిలో ఉంటాయి కాబట్టి వెనక్కి తిరగాల్సిన పని లేదు.

ఎప్పుడు? మే, జూన్ మొదటి సగం, సెప్టెంబర్, అక్టోబర్ మొదటి సగం. జూలై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు తాకే రోజులుంటాయి. మనకి ఎండ కొత్తా అనుకుంటాం. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం రెండింటికి కొండ ఎక్కం కదా, అక్కడ ఎక్కుతాం. తేడా అదే. ఆగస్టు 15 మేరీమాత పండగ. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఆ వారం ఏథెన్స్ ఖాళీ అయి, ఓడలన్నీ నిండిపోతాయి. నవంబర్ నుంచి మార్చి దాకా చాలా దీవుల్లో హోటళ్ళు మూసేస్తారు. ఆ కాలంలో వెళ్తే ఏథెన్స్, పాత గుళ్ళ శిథిలాలున్న డెల్ఫీ, కొండల మీద మఠాలున్న మెటియోరా లాంటి నేల మీది చోట్లు చూసుకోవడం మేలు.

రెండో అడుగు: వీసా

గ్రీస్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. వేసవికైతే మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ చూసుకోండి. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 45, అంతకన్నా చిన్నవాళ్ళకి లేదు. వీసా కేంద్రం చార్జీ వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్ట్ గత పదేళ్ళలో ఇచ్చినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. గత 59 నెలల్లో షెంగెన్ వీసాకి వేలిముద్రలు ఇచ్చి ఉంటే మామూలుగా మళ్ళీ అడగరు.

ఇటలీ కూడా కలుపుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికే అప్లై చేయాలి. రాత్రులు సమానమైతే ముందు దిగే దేశానికి. వీసా చేతికొచ్చేదాకా క్యాన్సిల్ చేసుకునే వీలున్న హోటళ్ళే బుక్ చేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అప్లై చేసే వారం ముందు బావగారి దగ్గర్నుంచి ఒకేసారి మూడు లక్షలు పడితే అది బలం కాదు, అనుమానం. మామూలుగా నడిచే ఖాతాయే నయం.

సైప్రస్‌లో కూడా గ్రీకు మాట్లాడతారు, డబ్బు యూరోనే. అయినా దాని వీసా నియమాలు వేరు. రెండూ ఒకే ట్రిప్పులో అనుకుంటే ఆ నియమాలు విడిగా చూసుకోవాలి.

మూడో అడుగు: పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఇక్కడే మన ఇళ్ళల్లో గొడవ. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేనివ్వరు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి మూడూ ఇంట్లోనే. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా కుదరవు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి తీసుకెళ్ళొచ్చు. సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెక్-ఇన్ పెట్టెలో వేయండి. చేతి బ్యాగులో పెడితే ఆవకాయ నూనెని కూడా ద్రవంగానే లెక్కేసి సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు.

మందులకి డాక్టరు చీటీ దగ్గరుంచుకోండి. ముఖ్యంగా కోడీన్ ఉన్న దగ్గు మందుల విషయంలో అక్కడ నిబంధనలు గట్టివి. సన్నటి రెండు పిన్నుల చార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పడతాయి, మూడు పిన్నులవి పడవు. చెప్పులు మాత్రం పట్టున్నవి కొనండి. ఏథెన్స్‌లో పాత గుళ్ళున్న అక్రోపోలిస్ కొండ మీది పాలరాయి రెండున్నర వేల ఏళ్ళుగా జనం నడిచి నడిచి అద్దంలా నునుపెక్కింది. వాన పడకపోయినా జారుతుంది.

ఇంకో మాట, కాస్త మొహమాటంగా ఉన్నా చెప్పాలి. అక్కడ మురుగు గొట్టాలు సన్నవి కాబట్టి టాయిలెట్ పేపర్‌ని కమోడ్‌లో వేయకూడదు, పక్కనున్న బుట్టలో వేయాలి. చాలా హోటళ్ళలో బోర్డు కూడా ఉంటుంది. మనలా నీళ్ళ పైపు ఉండదు. ఒక ఖాళీ సీసా పక్కన పెట్టుకుంటే సమస్య తీరిపోతుంది.

నాలుగో అడుగు: దిగాక ఊళ్ళోకి

హైదరాబాద్ నుంచి మామూలుగా దోహా, దుబాయ్ లేదా అబుదాబి మీదుగా వెళ్తారు. ఏథెన్స్ టైము మనకన్నా వేసవిలో రెండున్నర గంటలు, చలికాలంలో మూడున్నర గంటలు వెనక.

విమానాశ్రయం నుంచి నీలం రంగు మూడో లైను మెట్రో తిన్నగా ఊరి నడిబొడ్డునున్న సింటాగ్మా, మొనాస్తిరాకి స్టేషన్ల మీదుగా పిరేయస్ ఓడరేవు దాకా పోతుంది. ఊళ్ళోకి నలభై నిమిషాలు, టికెట్ 9 యూరోలు. ధరలు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఓసారి చూసుకోండి. రైలుకీ రైలుకీ మధ్య అరగంట పైనే ఉంటుంది కాబట్టి తర్వాతిది ఎప్పుడో చూసుకుని టికెట్ తీసుకోండి. అర్ధరాత్రి దిగేవాళ్ళకి ఎక్స్95 బస్సు రాత్రంతా నడుస్తుంది, సింటాగ్మా చౌక్‌లో దింపుతుంది. ఎక్స్96 పిరేయస్‌కి. టాక్సీకి విమానాశ్రయం నుంచి ఊరి నడిబొడ్డుకి పగలో రేటు, రాత్రో రేటు ముందే ఖరారై ఉంటాయి. ఎక్కే ముందే అడగండి.

మెట్రోలో జేబుదొంగలున్నారు. కొత్తగా దిగి, పెద్ద పెట్టెలతో, తలుపు దగ్గర నిలబడి, ఫోన్‌లో మ్యాపు చూస్తున్నవాడే వాళ్ళకి కావాల్సింది. పాస్‌పోర్ట్ చొక్కా లోపల పెట్టుకోండి. మొనాస్తిరాకి, ఒమోనియా స్టేషన్లలో తోపులాట మొదలైతే మామూలు రద్దీ అనుకోకండి.

ఐదో అడుగు: బోర్డులు చదవడం

దీనికి క్లాసులక్కర్లేదు. ఎంసెట్‌కి చదివినవాళ్ళందరికీ గ్రీకు అక్షరాలు సగం వచ్చు. ఆల్ఫా, బీటా, థీటా, ల్యామ్డా, పై, సిగ్మా, ఒమేగా అన్నీ లెక్కల్లో రాసినవే. పిరేయస్ బోర్డు చూడండి: పై, ఎప్సిలాన్, అయోటా, రో, ఆల్ఫా, అయోటా, ఆల్ఫా, సిగ్మా. ఎప్సిలాన్ పక్కన అయోటా ఉంటే "ఇ", ఆల్ఫా పక్కన అయోటా ఉంటే "ఎ". కలిపి చదివితే "పిరేయాస్". అంతే, రేవు దొరికింది. మోసం చేసేవి కొన్నే. ఇంగ్లిష్ "పి"లా కనబడేది రో, అంటే "ర". "హెచ్"లా కనబడేది "ఈ". "బి"లా కనబడేది "వ". బస్సు మీద, ఓడరేవులో, మెనూలో ఈ మూడూ గుర్తుంటే చాలు.

మాటల్లో ఒక్కటే పెద్ద చిక్కు. వాళ్ళు "నే" అంటే అవును. హిందీ అలవాటున్న చెవికి అది "నహీ"లా వినబడుతుంది. "రూమ్ ఉందా?" అంటే "నే, నే" అన్నాడని మేం వెనుదిరిగి పది అడుగులు వేశాం. పాపం, ఆయనే వెనక నుంచి పిలిచాడు. కాదు అనడానికి "ఓహి". కొందరు మాటే అనకుండా గడ్డం పైకెత్తి నాలుకతో "చ్" అంటారు. మనమూ అలాగే అంటాం కాబట్టి ఇది మాత్రం తర్జుమా లేకుండా అర్థమవుతుంది.

పొద్దున "కాలిమేరా", సాయంత్రం "కాలిస్పేరా", దండం బదులు "యాసస్", థాంక్స్‌కి "ఎఫ్హరిస్తో", దయచేసి అన్నా పరవాలేదన్నా "పరకలో". కొట్లోకి అడుగుపెడుతూ పలకరించకుండా సరుకు తడిమితే వాళ్ళకి నచ్చదు. చేతి సైగ ఒకటి జాగ్రత్త: అయిదు వేళ్ళూ చాచి అరచేతిని ఎదుటివాళ్ళ మొహం వైపు చూపిస్తే అక్కడ అది పెద్ద తిట్టు. "అయిదు టికెట్లు" అని చెయ్యి చాచడం మనకి అలవాటు. నోటితోనే చెప్పండి.

ఆరో అడుగు: అక్రోపోలిస్

టికెట్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే, గంట ఎంచుకుని కొనాలి. 2025 ఏప్రిల్ నుంచి 30 యూరోలు. రోజుకి 20,000 మంది అనే పరిమితి 2023 నుంచి ఉంది కాబట్టి వేసవిలో పొద్దుటి టైములు ముందే అయిపోతాయి. ఎనిమిది గంటలకి తెరుస్తారు. ఆ మొదటి టైము తీసుకుని, అక్రోపోలి మెట్రో స్టేషన్ పక్కనున్న దక్షిణం గేటు నుంచి ఎక్కండి. అటువైపు రద్దీ తక్కువ, దారిలో పాత నాటకశాల కూడా చూడొచ్చు. ఎండలు మరీ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తుంటారు.

పైన పార్థెనాన్ అనే పెద్ద గుడి చుట్టూ క్రేన్లు, పరంజాలు కనబడితే మన అదృష్టం బాగోలేదనుకోకండి. దశాబ్దాలుగా అక్కడ మరమ్మతు పని సాగుతూనే ఉంది. పక్కనున్న ఎరెక్థియాన్ గుడి కప్పుని నెత్తిన మోస్తున్న ఆరుగురు రాతి అమ్మాయిలు నకళ్ళు. అసలు వాళ్ళలో అయిదుగురు కొండ కిందున్న అక్రోపోలిస్ మ్యూజియంలో ఉన్నారు, ఆరో ఆమె లండన్ బ్రిటిష్ మ్యూజియంలో. మ్యూజియంలో ఆ ఆరో చోటు ఖాళీగానే ఉంచారు. కొండ దిగి, ఎండ ముదిరాక, ఆ ఏసీ హాల్లోకి వెళ్తే సరైన వరస. దానికి వేరే టికెట్.

ఏడో అడుగు: తిండి

శాకాహారులు పస్తుండాల్సి వస్తుందని భయపడతారు. నిజానికి యూరప్‌లో మనకి ఇంత తేలిగ్గా ఒప్పే వంట తక్కువ. కారణం వాళ్ళ ఉపవాసాలు. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈస్టర్ ముందూ, ఇంకా ఏడాదిలో చాలా రోజులూ మాంసం, గుడ్లు, పాలు మానేస్తారు. ఆ తిండిని "నిస్తీసిమో" అంటారు. "నిస్తీసిమో ఏముంది?" అని అడిగితే హోటల్ వాడికి ఠక్కున అర్థమవుతుంది. ఒక్క మెలిక: రొయ్యలు, స్క్విడ్ లాంటివి ఉపవాసంలో వాళ్ళకి చెల్లుతాయి. కాబట్టి "హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి, హోరిస్ థలాసినా" అనండి. మాంసం, చేప, సముద్రపు తిండి ఏవీ వద్దని.

ఏం తెప్పించుకోవాలి? "గెమిస్తా" అంటే అన్నం కూరిన టమాటా, బెంగళూరు మిర్చి. మాంసం లేనిదేనా అని అడగండి. "గిగాంతెస్" పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, టమాటా రసంలో. "హోర్తా" ఉడికించిన ఆకుకూర మీద నిమ్మరసం, ఆలివ్ నూనె. "మెలిజానోసలాతా" అంటే కాల్చిన వంకాయ పచ్చడే, కారం లేదు. "జాజీకి" కీరా, వెల్లుల్లి వేసిన పెరుగు పచ్చడి. బేకరీలో "స్పనకోపిటా" పాలకూర, చీజ్ కూరిన పొరల రొట్టె, పొద్దుటి టిఫిన్‌కి చౌక.

వీటన్నిటికన్నా "ఫావా". శాంతోరినిలో ఒక సాయంత్రం అది వచ్చినప్పుడు అమ్మ ప్లేటు దగ్గరికి లాక్కుని చూసి, "ముద్దపప్పు" అంది. పసుపచ్చటి పప్పు మెత్తగా మెదిపి, మధ్యలో గుంట చేసి ఆలివ్ నూనె పోసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఊరేసిన మొగ్గలు నాలుగు వేశారు. అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి కందిపొడి పొట్లం తీసి కాస్త జల్లింది. సర్వర్ ఏమంటాడోనని నాకు భయం. అతను ఒక వేలితో రుచి చూసి, లోపలికెళ్ళి "బూకోవో" అనే ఎర్ర మిరపకాయల పొడి సీసా తెచ్చి ముందు పెట్టాడు. అప్పట్నుంచి కూర్చోగానే అదే అడిగేవాళ్ళం. మీరూ ఆ మాట గుర్తుంచుకోండి. శాంతోరిని ఫావాకి యూరోపియన్ యూనియన్ గుర్తింపు ఉంది, మన బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్నట్టు.

మధ్యాహ్నం భోజనం రెండు మూడింటికి, రాత్రిది తొమ్మిది దాటాక. ఏడింటికి వెళ్తే హోటల్లో మీరొక్కరే ఉంటారు. అడగకుండా తెచ్చిన రొట్టెకి బిల్లులో మనిషికింతని వేస్తారు, వద్దంటే ముందే చెప్పాలి. చివర్లో అడగకపోయినా పండు ముక్కలో, తీపో, చిన్న గ్లాసులో మందో పెడతారు, అది ఇంటివాళ్ళ మర్యాద. టిప్పు చిల్లర వదిలితే చాలు. బిల్లు మీరు అడిగేదాకా తేరు, పొమ్మన్నట్టుంటుందని.

ఏథెన్స్‌లో కుళాయి నీళ్ళు తాగొచ్చు. శాంతోరినిలో సీసా కొనుక్కోండి. వీధి మూలల్లో "పెరిప్తెరో" అనే కిళ్ళీకొట్టు లాంటి బడ్డీల్లో అరలీటరు సీసా 50 సెంట్లే.

ఎనిమిదో అడుగు: ఓడ

జూలై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి "మెల్తెమి" అనే గాలి వీస్తుంది. ఆకాశం నీలంగా, ఎండ ఫెళ్ళున ఉంటుంది, ఓడలు మాత్రం కదలవు. గాలి ఒక స్థాయి దాటితే తీర రక్షక దళం ప్రయాణాలు ఆపేస్తుంది. దాన్ని "అపగొరెఫ్తికో" అంటారు. రేవులో ఆ మాట చెవిన పడితే ముందు ఆ రాత్రికి గది చూసుకోండి. ముందుగా ఆగేవి చిన్న స్పీడ్ బోట్లు, అంటే క్యాటమరాన్లు. పెద్ద ఓడలు చాలాసార్లు వాటి తర్వాతే ఆగుతాయి. క్యాన్సిల్ అయితే డబ్బు వాపసు గానీ, తర్వాతి ఓడలో చోటు గానీ అడగొచ్చు.

అందుకే నా ఓటు పెద్ద ఓడకి. పిరేయస్ నుంచి నాక్సోస్‌కి అయిదు గంటల పైన, శాంతోరినికి ఏడెనిమిది గంటలు. స్పీడ్ బోటు శాంతోరినికి సుమారు అయిదు గంటల్లో వెళ్తుంది, కానీ లోపలే కూర్చోవాలి, అలల మీద కుదుపు ఎక్కువ, ధర కూడా ఎక్కువ. పెద్ద ఓడలో డెక్ మీదికెళ్ళి కాఫీ తాగుతూ దీవులు ఒక్కొక్కటే రావడం చూడొచ్చు. కడుపులో తిప్పేవాళ్ళు మాత్రం ఎక్కడానికి అరగంట ముందే మాత్ర వేసుకోవాలి.

పిరేయస్ చాలా పెద్ద రేవు. గేట్లకి ఇ1 నుంచి ఇ12 దాకా నంబర్లు. టికెట్ మీద మీ గేటు చూసుకుని గంట ముందు చేరండి. ఓడ వెనక భాగం కిందికి తెరుచుకుంటుంది, లారీలు, కార్లు, మనుషులు అందరూ ఒకే నోట్లోకి. లోపల గ్యారేజీలో పక్కగా ఇనప అరలుంటాయి, వాటి మీద దీవుల పేర్లు. మీ దీవి పేరున్న అరలోనే పెట్టె పెట్టి, విలువైనవి తీసుకుని పైకి మెట్లెక్కాలి. దిగేటప్పుడు మనం మోసపోయేది ఇక్కడే. రేవులో ఓడ ఆగేది కాసేపే. అనౌన్స్‌మెంట్ రాగానే కిందికి దిగి, పెట్టె పట్టుకుని గ్యారేజీలో నిలబడాలి. సికింద్రాబాద్ వెళ్ళే రైల్లో మౌలాలి దాటగానే అందరూ తలుపు దగ్గరికి చేరినట్టు.

తొమ్మిదో అడుగు: డబ్బూ, చిల్లర సంగతులూ

కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. శాంతోరిని బస్సులకీ, చిన్న బడ్డీలకీ కొంత నగదు దగ్గరుంటే మేలు. మెషీన్ "రూపాయల్లో తీసుకోమంటారా, యూరోల్లోనా?" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్ళ మారకం రేటుతో బాదుతారు. ఏటీఎం బ్యాంకు గోడకున్నదే వాడండి, టూరిస్టు వీధిలో ఒంటరిగా నిలబెట్టినవి కాదు.

హోటల్ బిల్లు ముందే కట్టినా, గదికి రాత్రికింతని ప్రభుత్వ పర్యావరణ పన్ను అక్కడ కట్టాలి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మూడు నక్షత్రాల హోటల్‌కి 5 యూరోలు, నాలుగైతే 10, అయిదైతే 15. మోసం కాదు, గొడవ పడకండి.

కారో, నాలుగు చక్రాల బైకో అద్దెకు తీసుకోవాలంటే మన లైసెన్సుతో పాటు ఆర్‌టీఏలో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. బండి కుడివైపు నడపాలి. శాంతోరిని ఇరుకు రోడ్ల మీద బైకుల ప్రమాదాలు మామూలు, నేనైతే బస్సే అంటాను. అక్కడ బస్సులన్నీ ఫిరా ఊరి నుంచే బయల్దేరతాయి కాబట్టి గది ఫిరాలో తీసుకుంటే తిరగడం తేలిక.

మఠాలకీ, చర్చిలకీ వెళ్తే భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. మెటియోరాలో ఆడవాళ్ళు లంగా లాంటిది వేసుకోవాలంటారు. చీరైతే ఏ అభ్యంతరమూ ఉండదు. ఏ ఆపదకైనా 112, టూరిస్టు పోలీసుకి 1571. మందుల షాపుకి ఆకుపచ్చ సిలువ గుర్తు.

చివరిగా, ఆ అదనపు రోజు

ఓడ చెప్పిన టైముకే వస్తే, విమానానికి ముందు మిగిల్చుకున్న రోజు చేతిలో ఉంటుంది. ఏథెన్స్‌కి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో సూనియన్ అనే కొండకొమ్ము మీద సముద్రదేవుడు పొసైడన్ గుడి ఉంది. కేటెల్ అనే ఊళ్ళ మధ్య తిరిగే బస్సులో రెండు గంటలు. క్షేమంగా ఒడ్డుకి చేర్చినందుకు ఆయనకో దండం పెట్టుకుని, స్తంభాల మధ్య సూర్యుడు సముద్రంలోకి దిగడం చూసి రావచ్చు. తిరిగొచ్చే చివరి బస్సు ఎన్నింటికో మాత్రం దిగగానే డ్రైవర్‌ని అడిగి పెట్టుకోండి.